నాని రిపోర్టు చూశాను

చిరంజీవి పద్మకు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. మీ నాన్నకి కొత్త కళ్లజోడు ఇంకా అలవాటు కాలేదు, పేపరు పట్టుకోగానే పాతదాని కోసం వెతుక్కుంటారు. వెనకగది బీరువా ఖాళీ చేయించాను. నీ కాలేజీ పుస్తకాలు ఎవరికీ ఇవ్వలేదు, అట్టపెట్టెలో సర్ది పైన నీ పేరు రాశాను. రవి పోయిన వారం వచ్చి వెళ్లాడు. వాడి ఉద్యోగం సంగతి వాడే చెబుతానన్నాడు కాబట్టి నేను రాయను.

సరళత్త ఫోన్ చేసింది. ఊరికే చేసే మనిషి కాదని నీకూ తెలుసు. "పద్మ కొడుక్కి లివర్ పాడైందటగా" అంది. నాకే తెలియదని చెప్పడానికి మనసొప్పక, జ్వరం వచ్చింది, తగ్గుతోంది అని మాట దాటేశాను. ఆ తర్వాత నీకు చేస్తే నువ్వు ఎత్తలేదు. మర్నాడూ ఎత్తలేదు. చివరికి మురళిని అడిగితే, పాపం, రిపోర్టు ఫొటో తీసి పంపించాడు. పిల్లాడు మంచం దిగి మునివేళ్ల మీద నడుస్తున్నాడని కూడా చెప్పాడు. అతన్ని ఏమీ అనకు.

ల్యాబులోనే వయసంతా గడిపిన అమ్మకి ఈ అంకెలు చూపిస్తే ఎక్కడ కంగారు పడుతుందోనని నువ్వు దాచి ఉంటావు. వాటిని చూసి నేను కంగారు పడలేదు. నువ్వొక్కదానివే అర్ధరాత్రి దాకా ఆ కాగితం ముందేసుకుని కూర్చుంటున్నావని తెలిశాకే నాకు నిద్ర పట్టలేదు. అసలు తింటున్నావా? నిలబడి రెండు ముద్దలు మింగి అయిందనిపించుకోవడం నీకు చిన్నప్పటి అలవాటు.

శ్రావణికి అడిగిన కోర్సులోనే సీటొచ్చింది. మీ పిన్ని సంతోషం అంతా ఇంతా కాదు. వీలు చూసుకుని దానికొక మెసేజ్ పెట్టు.

రిపోర్టు సంగతి. ఎస్‌జీపీటీ 118, ఎస్‌జీవోటీ 164. పక్కన 40 లోపు ఉండాలని అచ్చు వేసి, రెండింటికీ ఎర్ర బాణాలు పెట్టారు. నీ చూపు ఆ బాణాల దగ్గరే ఆగిపోయి ఉంటుంది. బాణం లేని వరసలు చదివావా? కామెర్లలో పెరిగే పసుపు పదార్థం బిలిరుబిన్ 0.5. రక్తంలోని ప్రొటీన్ ఆల్బుమిన్ 4.2. నా కళ్లు ముందు వెళ్లింది వాటి మీదికే. బిలిరుబిన్‌ని బయటికి పంపడం, ఆల్బుమిన్ తయారుచేయడం, రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్రొటీన్లు తయారుచేయడం కాలేయం చేసే పనులు. నాని కాలేయం ఆ పనులు చేస్తూనే ఉంది. ఎస్‌జీపీటీ, ఎస్‌జీవోటీ కణాల లోపల ఉండే ఎంజైములు. జ్వరానికి కణాల పొరలు కాస్త సడలినా అవి రక్తంలోకి ఊరతాయి. కుండ చెమర్చినంత మాత్రాన పగిలినట్టు కాదు కదా. సరళత్త అన్న "పాడవడం" ఈ కాగితంలో నాకెక్కడా కనపడలేదు.

పిల్లల్లో ఇది చాలా మామూలు. హెపటైటిస్ ఎ, ఇ లాంటి కాలేయాన్నే పట్టే వైరస్‌లు ఉండనే ఉన్నాయి. ఫ్లూ, ఎడినో, ఎంటెరో, రోటా, డెంగీ, తట్టు, ఎప్‌స్టీన్ బార్, సైటోమెగలో, ఇలా ఎన్నో వైరస్‌లు వచ్చిపోతూ ఈ అంకెల్ని కొన్నాళ్లు పైకి లేపుతాయి. సరిగ్గా ఆ రోజుల్లో రక్తపరీక్ష చేస్తే దొరుకుతాయి, చేయకపోతే ఎవరికీ తెలియకుండానే దిగిపోతాయి. జ్వరమొచ్చిన పిల్లలందరికీ ఈ పరీక్ష చేస్తే ఎన్ని ఇళ్లలో తల్లులు నీలాగే కూర్చునేవారో!

ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 310 ఉందని దాని కింద కూడా గీత పెట్టి ఉంది. ఆ గీత నీదే అనుకుంటాను. అక్కడ అచ్చు వేసిన హద్దు పెద్దవాళ్లది. ఎదిగే పిల్లలకి ఎముకల నుంచి కూడా ఆ ఎంజైము వస్తుంది, నాలుగేళ్లవాడికి 310 సహజం. కొందరు చంటిపిల్లల్లో వైరస్ జ్వరం తర్వాత అదొక్కటే వేలల్లోకి పోయి, కొన్ని నెలల్లో తనంతట తనే దిగుతుంది. దాన్ని వదిలెయ్.

నన్ను ఆలోచింపజేసిందల్లా ఎస్‌జీపీటీ కంటే ఎస్‌జీవోటీ ఎక్కువ ఉండటం. 1955లో నేపుల్స్‌లో ఫెర్నాండో డి రిటిస్, ఆయన తోటివాళ్లు వైరల్ హెపటైటిస్ రోగుల రక్తంలో ఈ ఎంజైములు పెరగడం గమనించారు. ఈ రెండింటి నిష్పత్తిని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. ఎస్‌జీపీటీ ఎక్కువగా కాలేయం సొత్తు. ఎస్‌జీవోటీ కండరాల్లోనూ ఉంటుంది, గుండెలోనూ, ఎర్రరక్తకణాల్లోనూ ఉంటుంది. ఫొటో పెద్దది చేసి చూస్తే అడుగున చిన్న అక్షరాల్లో "శాంపిల్ స్వల్పంగా హీమోలైజ్డ్" అని ఉంది, అంటే ఎర్రకణాలు కొన్ని పగిలాయని. నరం దొరక్క పిల్లాడు గింజుకుంటే, సిరంజి గట్టిగా లాగితే ఎర్రకణాలు పగులుతాయి. ట్యూబుల్ని గిరగిరా తిప్పే సెంట్రిఫ్యూజ్ ఆగాక ట్యూబు తీసి వెలుతురుకి పట్టుకుంటే కణాలు అడుక్కి దిగాక పైన తేలిన ద్రవం, అంటే సీరం, లేత పసుపుగా, నిర్మలంగా ఉండాలి. కణాలు పగిలితే అది గులాబీ రంగుకి తిరుగుతుంది. అలాంటి సీరంలో ఎస్‌జీవోటీ ఉన్నదానికంటే ఎక్కువే వస్తుంది, పొటాషియం కూడా అంతే.

ఇక మురళి చెప్పిన మునివేళ్ల నడక. ఫ్లూ తగ్గుముఖం పట్టే వేళ కొందరు పిల్లలకి పిక్కలు పట్టేస్తాయి, మడమ ఆనించలేక అలా నడుస్తారు. ఫ్లూలో బి రకంతో ఇది ఎక్కువ. కండరం వాచి అందులోని ఎస్‌జీవోటీ రక్తంలోకి వస్తుంది, సీపీకే అనే కండరాల ఎంజైము కూడా బాగా పెరుగుతుంది. మామూలుగా వారంలోపు తగ్గిపోతుంది. మళ్లీ రక్తం తీసినప్పుడు సీపీకే, కాలేయంలో ఉండి కండరంలో లేని జీజీటీ కూడా చేయమని డాక్టరుగారిని అడుగు. జీజీటీ మామూలుగా ఉండి సీపీకే పెరిగితే ఎక్కువ భాగం కండరం నుంచే వచ్చిందనుకోవచ్చు. పిక్కలు గట్టిగా పిసకొద్దు. మూత్రం ముదురు గోధుమ రంగులోకి మారితే మాత్రం ఆగకుండా తీసుకెళ్లు.

రవికి తొమ్మిదో ఏట వచ్చిన జ్వరం నీకు గుర్తుందో లేదో. నిన్ను అప్పుడు పెద్దమ్మ దగ్గరికి పంపించాం. గొంతులో తెల్లటి పొర, మెడకి రెండు వైపులా బిళ్లలు, కనురెప్పలు ఉబ్బి మొహమే మారిపోయింది. మొదట చూసినాయన గొంతు ఇన్ఫెక్షన్ అని అమోక్సిసిలిన్ ఇచ్చాడు. కొన్నాళ్లకే ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లు. ఎప్‌స్టీన్ బార్ వైరస్ ఉన్నప్పుడు ఆ మందు పడితే కొందరికి అలా పేలుతుంది. ఆ తర్వాత పెద్ద డాక్టరుగారు పొట్ట నొక్కి చూసి, ప్లీహం చేతికి తగులుతోంది, ఎస్‌జీపీటీ చూడండి అన్నారు. 96 వచ్చింది. వారం తిరక్కుండా 340. నాయనమ్మ దేవుడి గదిలోంచి బయటికి రాలేదు.

ఆ రెండో శాంపిల్ నేనే చేశాను. ఇంకొకళ్ల చేతికి ఇవ్వలేకపోయాను. అప్పట్లో మాది సగం చేత్తో, సగం యంత్రంతో పని. 37 డిగ్రీల వేడిలో ఉంచిన పరీక్ష రసాయనంలో, అంటే రీజెంట్‌లో సీరం కలిపి, 340 నానోమీటర్ల కాంతి ముందు పెట్టి, నిమిషం నిమిషానికి రీడింగ్ రాసుకోవాలి. ఎంజైము ఎంత ఎక్కువుంటే రీడింగ్ అంత వేగంగా పడిపోతుంది. రవిది చూస్తుండగానే పడిపోయింది. కొత్త రీజెంట్‌తో ఇంకోసారి చేశాను. అదే అంకె. పక్కన పెట్టిన, అంకె ముందే తెలిసిన కంట్రోల్ సీరం సరిగ్గానే వచ్చింది కాబట్టి యంత్రాన్ని అనడానికీ లేదు. కానీ ట్యూబులో వాడి సీరం లేత రంగులోనే ఉంది. కామెర్లు పట్టిన సీరం ముదురు పసుపుగా కళ్లకి కొట్టొచ్చినట్టు కనపడుతుంది. అది చూశాకే కూర్చోగలిగాను. రక్తం గడ్డకట్టే సమయం చెప్పే ప్రోత్రాంబిన్ టైమ్ కూడా సరిగ్గా ఉంది.

ఇంటికొస్తే గూటి మీద సీసాలు. ఎవరెవరో తెచ్చిన టానిక్‌లు, మూలికల పొడులు. పెద్ద డాక్టరుగారు ఒక్కటీ ముట్టనివ్వలేదు. "ఈ అంకె దించే మందు లేదమ్మా. జ్వరానికి తప్ప దేనికీ ఏదీ వేయకండి" అన్నారు. మూలికల మందులే కొన్ని కాలేయాన్ని దెబ్బతీస్తాయని నాయనమ్మకి ఓపిగ్గా చెప్పారు. సైకిలు తాళంచెవి మీ నాన్న బీరువా పైన దాచారు, ప్లీహం వాచినప్పుడు దెబ్బ తగిలితే చిరిగే ప్రమాదం ఉంటుందని. రవి అలిగి గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఆ జ్వరంలో ఎంజైములు రెండో వారంలోనే ఎక్కువగా ఉంటాయట. తర్వాత 210, ఆపైన 88, ఇంకొన్నాళ్లకి 31. ఏ మందూ లేకుండా. ఇవాళ వాడు గుమ్మంలో నిలబడితే వెలుతురు రాదు.

నువ్వు ఫోన్‌లో చదివేవి నాకు తెలుసు. 2022లో పిల్లలకి కారణం తెలియని హెపటైటిస్ వచ్చిందన్న వార్తలు నీ కంట పడే ఉంటాయి. ఆ ఏప్రిల్‌లో స్కాట్లాండ్ నుంచి మొదలై, జులై మొదటి వారానికి 35 దేశాల్లో 1010 మంది పిల్లలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క చెప్పింది, 22 మంది పోయారు. ఆ లెక్కలోకి రావాలంటే ఎంజైములు 500 దాటాలి. చాలామందికి కామెర్లు కూడా ఉన్నాయి. ఎడినో లాంటి వైరస్ తోడైతే తప్ప పెరగలేని ఏఏవీ2 అనే ఇంకో వైరస్ ఆ పిల్లల్లో ఎక్కువగా కనపడిందని 2023లో పరిశోధనలు వచ్చాయి. నాని అంకెలు ఆ దరిదాపుల్లో లేవు. రాత్రి పదిన్నర తర్వాత అవి చదవడం మానెయ్.

కొన్ని మాత్రం ఖచ్చితంగా పాటించు. వైద్యులు ప్రత్యేకించి రాస్తే తప్ప ఆస్పిరిన్ పిల్లాడి దగ్గరికి రానీయకు, సరళత్త తన పెట్టెలోంచి తీసి ఇచ్చినా సరే. ఫ్లూలోనో ఆటలమ్మలోనో ఆస్పిరిన్ పడిన పిల్లల్లో కాలేయం, మెదడు కలిసి దెబ్బతినే రై సిండ్రోమ్ వచ్చేది. 1963లో డగ్లస్ రై అనే ఆస్ట్రేలియా వైద్యుడు దాన్ని వివరించాడు. 1980లో అమెరికాలో 555 కేసులు నమోదయ్యాయి. పిల్లలకి ఆస్పిరిన్ వద్దని హెచ్చరించాక, 1994 నుంచి 1997 దాకా ఏ ఏడాదీ రెండు కేసులు దాటలేదు.

పారాసిటమాల్‌కి కిలోకి 15 మిల్లీగ్రాములు లెక్క. నాని 16 కిలోలు కాబట్టి ఒక డోసు 240. ఆరు గంటల ఎడం ఉంచు, రోజుకి నాలుగు మించొద్దు. సీసా మీద 5 మిల్లీలీటర్లలో 120 అనుందో 250 అనుందో ప్రతిసారీ చదువు. మొదటిదానికి 10 మిల్లీలీటర్లు సరిపోతే, రెండోదాంట్లోంచి అంతే పోస్తే మందు రెట్టింపవుతుంది. జలుబు సిరప్‌లోనూ పారాసిటమాల్ ఉండొచ్చు, రెండూ కలిపి పోయకు. చెంచాతో కొలవకు, సీసాతో వచ్చిన మూతతోనో సిరంజితోనో కొలువు. మురళి పోస్తే టైము కాగితం మీద రాయమను. ఇద్దరూ పోసేస్తే చాలా ప్రమాదం.

కళ్లు పచ్చబడినా, మూత్రం ముదిరినా, మలం తెల్లగా సున్నంలా వచ్చినా, వాంతులు ఆగకపోయినా, చిగుళ్ల నుంచి రక్తం వచ్చినా, పగలంతా మగతగా ఉండి రాత్రి మేలుకుని తిక్కగా మాట్లాడినా అదే గంటలో ఆసుపత్రికి వెళ్లు. అప్పుడు అడగాల్సింది రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే ఐఎన్‌ఆర్. ఎస్‌జీపీటీ వేలల్లోంచి జర్రున దిగుతోందని ఇంట్లోవాళ్లు సంబరపడుతుంటే, మరోపక్క బిలిరుబిన్, ఐఎన్‌ఆర్ ఎక్కుతున్న శాంపిళ్లు నా చేతుల మీదుగా వెళ్లాయి. ఎంజైము వదలడానికి కణాలే మిగలనప్పుడు కూడా ఆ అంకె దిగుతుంది. ఇది నానికి వర్తిస్తుందని రాయడం లేదు. పిల్లాడి మొహం, నడక, ఆట చూడటం నీకు బాగా వచ్చు, అది మానేసి కాగితం చూస్తూ కూర్చోవద్దని రాస్తున్నాను.

మళ్లీ పరీక్ష రెండు మూడు వారాలాగి చేయిస్తే చాలు, డాక్టరుగారు ముందే రమ్మంటే తప్ప. రోజు విడిచి రోజు పొడిపించకు. ఎస్‌జీవోటీ ముందు దిగుతుంది, రక్తంలో దాని సగం ఆయుష్షు ఒక రోజు కూడా ఉండదు, ఎస్‌జీపీటీకి రెండు రోజులు పడుతుంది. నెలలు గడిచినా దిగకపోతే విల్సన్ వ్యాధి, ఆటోఇమ్యూన్ హెపటైటిస్, సీలియాక్, కండరాల జబ్బులు, ఇలా చూడాల్సినవి ఉంటాయి. అవి అప్పుడు చూసుకుందాం, ఇప్పుడు వెతక్కు. హెపటైటిస్ ఎ, బి టీకాలు పూర్తయ్యాయో లేదో కార్డు తీసి చూడు. నీకు కార్డులు ఎక్కడ పెట్టావో గుర్తుండదు, మురళినడుగు.

ల్యాబుకి వెళ్లే ముందు నీళ్లు బాగా తాగించు, నరం తేలుతుంది. చెయ్యి దుప్పట్లో చుట్టి వెచ్చగా ఉంచు. నువ్వే ఒళ్లో కూర్చోబెట్టుకో, మోచెయ్యి కదలకుండా మురళి పట్టుకుంటాడు. పిల్లల రక్తం తీయడం అలవాటున్న మనిషినే పిలవమను, పోయినసారి శాంపిల్ హీమోలైజ్ అయిందని చెప్పడానికి మొహమాటపడకు. పొడవరని పిల్లాడికి అబద్ధం చెప్పకు, కాసేపు నొప్పెడుతుందని చెప్పు. పాత రిపోర్టు, మందుల పేర్లు, ఏ రోజు ఎంత జ్వరముందో రాసిన కాగితం ఒక కవర్లో పెట్టుకుని వెళ్లు. రిపోర్టు వచ్చాక పూర్తి పేజీ ఫొటో పంపు, అడుగున ఉన్న చిన్న అక్షరాలు కూడా పడేటట్టు.

అమ్మ