ఊరి పేరు హెడ్డింగ్‌లో ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

దొంగతనం కేసులో దొరికినవాడిది స్టువర్టుపురం అయితే చాలు, ఆ ఊరి పేరు హెడ్డింగ్‌లోకి ఎక్కుతుంది. వేరే ఊరివాడైతే పేరు, వయసు రాసి వదిలేస్తారు. 1871లో బ్రిటిష్ వాళ్లు తెచ్చిన నేరస్థ తెగల చట్టం కొన్ని తెగల్లో పుట్టినవాళ్లందర్నీ పుట్టుకతోనే దొంగలుగా లెక్కేసింది, తర్వాత మన దగ్గర ఎరుకల వాళ్లను కూడా అందులో చేర్చి, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ నడిపిన స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టి, హాజరు వేయించుకుంటూ కాపలా కాశారు. ఆ చట్టం 1952లో రద్దయింది. వార్తల్లో, సినిమాల్లో మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది.

మాతో పనిచేసే ఒకాయన అద్దె ఇల్లు మాట్లాడుకుని అడ్వాన్స్ ఇవ్వబోతే, ఆధార్‌లో ఊరు చూసి ఓనర్ మాట మార్చేశాడు. ఆయన అది చెప్తుంటే నాకు సిగ్గేసింది, ఎందుకంటే ఆ ఊరి గురించి అప్పటిదాకా నాకు తెలిసిందల్లా పేపర్లో చదివిందే! అక్కడ చదువుకున్నవాళ్లు, ఉద్యోగాలు చేసేవాళ్లు, పొలం పనులకెళ్లేవాళ్లు ఉన్నారని ఏ వార్తా నాకు చెప్పలేదు.

క్రైమ్ వార్తలు రాయొద్దని కాదండీ. తప్పు చేసినవాడి గురించి రాయండి, ఊరినీ కులాన్నీ హెడ్డింగ్‌లోకి లాగకండి. మీ డెస్క్‌లో దీని గురించి ఒక్కసారి మాట్లాడుకోండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, చీరాల