మందుల కంపెనీల తనిఖీ నివేదికలు మాకూ చూపించండి

సంపాదకులకు నమస్కారం.

2025 అక్టోబరులో ఒక రాత్రి తొమ్మిదింటప్పుడు మా పక్కింటి అమ్మాయి దగ్గు మందు సీసా పట్టుకుని వచ్చింది. వాళ్ల బాబుకు మూడేళ్లు. "అంకుల్, మీరు మందుల కంపెనీలో చేశారు కదా, ఇది పట్టొచ్చా?" అని అడిగింది. మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గు సిరప్ తాగి, కిడ్నీలు దెబ్బతిని పిల్లలు చనిపోతున్నారని టీవీల్లో వస్తున్న రోజులవి. సీసాను లైటు కింద తిప్పి చూశాను. కంపెనీ పేరు, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ అన్నీ సక్రమంగానే ఉన్నాయి. 27 ఏళ్లు క్వాలిటీ అష్యూరెన్స్‌లో పనిచేసిన నేను ఆ సీసా చూసి ఏమీ చెప్పలేకపోయాను. అయిదేళ్ల లోపు పిల్లలకు మామూలుగా ఇలాంటి మందులు అవసరం లేదని కేంద్రం అప్పుడే సలహా ఇచ్చింది కాబట్టి, పట్టొద్దమ్మా అని మాత్రం అన్నాను. ఈ ఉత్తరం రాయాలని ఆ రాత్రే అనుకున్నాను.

ఆ సిరప్ తయారైంది ఎక్కడో కాదు, కాంచీపురం జిల్లాలో. మన తిరుపతి, చిత్తూరు వాళ్లు పెళ్లి పట్టుచీరలకు పొద్దున బయలుదేరి, రాత్రికి ఇంటికి వచ్చేసే దూరం. పరీక్షిస్తే అందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం 48.6 శాతం తేలింది. అనుమతించే పరిమితి 0.1 శాతం. 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు కోల్పోయారు.

ఇది కొత్త విషం కూడా కాదు. 1937లో అమెరికాలో వంద మందికి పైగా దీనివల్లే చనిపోయారు. 1973లో మద్రాసులో 14 మంది పిల్లలు, 1986లో ముంబై జేజే ఆసుపత్రిలో 14 మంది రోగులు దీనికే బలయ్యారు. 2022లో గాంబియాలో పిల్లల మరణాల తర్వాత మన దేశపు సిరప్‌ల మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిక చేసింది. చాలాసార్లు దారి దాదాపు ఒకటే. సిరప్‌లో వాడే గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ రంగు లేకుండా, చిక్కగా, తియ్యగా ఉంటాయి. ఈ విషమూ అలాగే ఉంటుంది, పైగా చవక. డ్రమ్ము మీది లేబుల్‌ను నమ్మి మూత తీస్తే కంటికి తేడా తెలియదు. అందుకే వచ్చిన ప్రతి డ్రమ్ము నుంచీ కాస్త తీసి పరీక్షించాలి. తేలేదాకా ఆ డ్రమ్ము మీద పసుపు చీటీ ఉండాలి, గోదాములో విడిగా ఉండాలి. పెద్ద ఖర్చేమీ కాదు. చేయాలన్న పట్టుదల కావాలి, చేశారో లేదో చూసే మనిషి ఉండాలి.

ఆ చూసే మనిషి ఉద్యోగం పేరే క్వాలిటీ అష్యూరెన్స్. ల్యాబ్‌లో పరీక్షలు చేసేది క్వాలిటీ కంట్రోల్. రెండూ ఒకటే అనుకుంటారు చాలామంది. 2024లో లడ్డూ నెయ్యి వ్యవహారం వచ్చాక శాంపిల్, ల్యాబ్ రిపోర్టు అనే మాటలు తిరుపతిలో టీ కొట్ల దగ్గర కూడా వినిపించాయి. అందుకే కాబోలు, మందుల గురించి మాట్లాడినా "ల్యాబ్‌కు పంపితే తేలిపోతుంది కదా సార్" అంటారు. తేలదు. ఆ సంగతి కాస్త విడమరిచి చెప్పనివ్వండి.

పది వేల ఇంజెక్షన్ సీసాల బ్యాచ్ ఉందనుకోండి. సూక్ష్మజీవులు లేవని తేల్చుకోవడానికి అందులోంచి 20 సీసాలు తీస్తారు. వందకు ఒకటి చొప్పున, అంటే మొత్తం 100 సీసాలు పాడైపోయి ఉన్నా, తీసిన 20లో ఒక్కటి కూడా దొరక్కుండా పోయే అవకాశం దాదాపు 82 శాతం. పదో తరగతి పిల్లాడు కూడా క్యాలిక్యులేటర్‌తో తేల్చగల లెక్క ఇది. ఇంగ్లండ్‌లోని డెవన్‌పోర్ట్ ఆసుపత్రిలో 1972లో సరిగ్గా ఇలాగే జరిగింది. గ్లూకోజు సీసాలను ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్‌లో కింది భాగానికి తగినంత వేడి అందలేదు. పరీక్షకు తీసిన సీసాలు పై అరలవి. పరీక్ష పాసైంది, సీసాలు ఆసుపత్రికి వెళ్లాయి, రోగులు చనిపోయారు. ఆటోక్లేవ్‌లో ప్రతి అర దగ్గరా వేడి ఎంత చేరుతోందో ముందే కొలిచి, రుజువు చేసి, రాసిపెట్టుకోవాలనే పద్ధతి ఇలాంటి చావుల తర్వాతే గట్టిపడింది. దాన్ని వ్యాలిడేషన్ అంటాం.

నా అనుభవం ఒకటి చెబుతాను. హైదరాబాద్ శివార్లలో నేను పనిచేసిన ఒక యూనిట్‌లో 600 మిల్లీగ్రాముల బరువుండే మాత్ర కొడుతున్నాం. బరువు 570 నుంచి 630 మధ్య ఉంటే పాస్. అరగంటకోసారి 20 మాత్రలు తూచి, సగటును గ్రాఫు కాగితం మీద చుక్క పెట్టేవాళ్లం. ఒక రాత్రి షిఫ్టులో చుక్కలు 601, 604, 606, 609, 611 అని మెల్లగా పైకి పోతున్నాయి. అన్నీ పాసే. ల్యాబ్‌కు పంపితే పాస్ అనే వస్తుంది. అయినా మిషన్ ఆపించాను. ప్రొడక్షన్ వాళ్లకు కోపం వచ్చింది, లోడు టైముకు పోదని టెన్షన్. ఎందుకు పెరుగుతోంది? అచ్చులో పొడి ఎక్కువ పడుతోంది. ఎందుకు? పొడి రానురాను సన్నగా వస్తోంది. ఎందుకు? హాపర్‌లో, అంటే మిషన్‌కు పొడి అందించే గరాటులో, సన్నపొడి, ముతకపొడి విడిపోతున్నాయి. ఎందుకు? హాపర్ అదురుతోంది. ఎందుకు? దాని స్టాండు కాలి కింద రబ్బరు ప్యాడ్ అరిగిపోయింది. ప్యాడ్ మార్చి, ఆ గంటల్లో కొట్టిన మాత్రలను పక్కన పెట్టి, మళ్లీ మొదలుపెట్టాం. ఇకముందు ప్యాడ్‌లు నెలకోసారి చూడాలని మెయింటెనెన్స్ షీటులో ఒక గడి చేర్చాం. మా భాషలో దాన్ని క్యాపా అంటాం. తప్పు దిద్దడం ఒక్కటే కాదు, మళ్లీ రాకుండా చూడటం కూడా అందులో భాగం.

మంచి మందు ఇలా తయారవుతుంది. ఈ కాగితాలన్నీ ఫ్యాక్టరీలో ఉంటాయి. ఎవరో ఒకరు వెళ్లి తిరగేస్తే తప్ప అక్కడ నిజంగా పని జరుగుతోందా, సాయంత్రం కూర్చుని గళ్లు నింపేస్తున్నారా అన్నది తెలియదు. కాంచీపురం యూనిట్‌కు అప్పటికి లైసెన్సు ఉంది. పిల్లలు చనిపోయాక తమిళనాడు అధికారులు వెళ్లి చూస్తే 350కి పైగా లోపాలు కనిపించాయి. అన్ని లోపాలు ఒక్క వారంలో పుట్టుకురావు కదా!

మందులు ఎలా తయారుచేయాలో చెప్పే షెడ్యూల్ ఎం నిబంధనలను కేంద్రం 2023 డిసెంబరులో మార్చింది. రిస్కును ముందే అంచనా వేయడం, ముడిసరుకు గాని పద్ధతి గాని మారిస్తే దాని ప్రభావాన్ని పరిశీలించి రాసిపెట్టడం, ఏడాదికోసారి ప్రతి మందు చరిత్రనూ తిరిగి చూసుకోవడం, ఇవన్నీ ఇప్పుడు తప్పనిసరి. 250 కోట్ల టర్నోవరు దాటిన కంపెనీలకు ముందు అమలైంది. చిన్న కంపెనీలకు పొడిగించిన గడువు కూడా 2025 డిసెంబరు 31తో ముగిసింది. చిన్న యూనిట్ల కష్టం నాకు తెలుసు. ఏసీ ప్లాంటు మార్చాలంటే లక్షలు కావాలి. కానీ డ్రమ్ము పరీక్షించడానికి ఏసీ ప్లాంటు అక్కర్లేదు.

నేను ముఖ్యంగా కోరేది ఇది. అధికారులు ఫ్యాక్టరీల్లో చేసే తనిఖీల్లో ఏం దొరికిందో జనం చదువుకునేలా బయటపెట్టండి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మన హైదరాబాద్ కంపెనీలకు రాసే హెచ్చరిక లేఖలు దాని వెబ్‌సైటులో ఉంటాయి, ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. అంటే మన ఫ్యాక్టరీలోని లోపం గురించి అమెరికా రోగికి తెలుసుకునే వీలుంది. మన దగ్గరే తయారైన మందును తిరుపతి రుయా ఆసుపత్రి కౌంటరులో తీసుకునే రేణిగుంట కూలీకి ఆ వీలు లేదు. ఇది అన్యాయం. మన రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ తన తనిఖీ నివేదికలను తెలుగులో పెట్టాలి. ప్రభుత్వ ఆసుపత్రులకు మందులు కొనేటప్పుడు తక్కువ ధర, ల్యాబ్ చీటీలతో పాటు ఆ నివేదికనూ చూడాలి.

ఇంకొకటి. ఔషధాల చట్టం 26వ సెక్షన్ ప్రకారం, కొన్న మందు మీద అనుమానం ఉంటే మామూలు మనిషి కూడా ఫీజు కట్టి ప్రభుత్వ అనలిస్టు చేత పరీక్షింపజేసుకోవచ్చు. 1940 నాటి చట్టంలో ఉన్న హక్కు ఇది. ఎక్కడ ఇవ్వాలి, ఎంత కట్టాలి అని ప్రతి మెడికల్ షాపు ముందు, ఆసుపత్రి కౌంటరు దగ్గర బోర్డు పెట్టిస్తే బాగుంటుంది. అలాగే మందు వాడాక తేడా చేస్తే చెప్పడానికి 1800-180-3024 అనే ఉచిత నంబరు ఉంది. అదీ ఆ బోర్డు మీదే రాయొచ్చు.

చివరగా మీకే ఒక మనవి. నాణ్యత లేదని తేలిన మందుల జాబితాను కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ నెలనెలా విడుదల చేస్తుంది. మీ జిల్లా పేజీలో సర్వదర్శనం సమయం రోజూ వేస్తున్నారు, బంగారం ధర వేస్తున్నారు. నెలకు ఒక్కరోజు ఆ జాబితా కూడా వేయండి. బ్యాచ్ నంబరుతో సహా వేయండి. పేరు మాత్రమే వేస్తే ఆ మందు వాడే వాళ్లంతా భయపడి మంచి బ్యాచ్‌ను కూడా మానేస్తారు. నంబరు ఉంటే పక్కింటి అమ్మాయి లాంటి వాళ్లు ఇంట్లో ఉన్న సీసా తీసి పేపరు పక్కన పెట్టి చూసుకుంటారు.

ఇట్లు,
విశ్రాంత క్వాలిటీ అష్యూరెన్స్ ఉద్యోగి,
తిరుపతి