శరణార్థి తల్లి పేరు మీద కార్డు ఉండాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. జూన్ 20, ప్రపంచ శరణార్థుల దినం నాడు వచ్చిన వార్తలు చదివాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. గుడారాల గురించి, దుప్పట్ల గురించి, బియ్యం గురించి రాశారు. అవన్నీ కావలసినవే. కానీ ఆ బియ్యం ఎవరి పేరు మీద ఇస్తున్నారు? నేను అడగదలచుకున్నది అదే.

మాది విశాఖ కంచరపాలెంలోని బర్మా క్యాంపు. బర్మాలో, అంటే ఇప్పటి మయన్మార్‌లో, 1962లో జనరల్ నే విన్ అధికారం చేజిక్కించుకున్నాడు. 1964లో దుకాణాలను జాతీయం చేశారు. ఆ మే నెలలోనే 50, 100 క్యాట్ నోట్లు చెల్లవన్నారు. తరాల నుంచి రంగూన్‌లో బతుకుతున్న తెలుగువాళ్లు ఉన్నదంతా వదిలి ఓడలెక్కారు. లెక్కలు తేల్చుకుని వస్తానని మా నాన్న అక్కడే ఆగిపోయాడు. అమ్మ మా ముగ్గురినీ వెంటబెట్టుకుని విశాఖలో దిగింది. నాకప్పుడు ఆరేళ్లు.

ఇక్కడ మా కుటుంబానికిచ్చిన కార్డులో ఇంటి పెద్దగా నాన్న పేరే రాశారు. పునరావాస రుణం కోసం అమ్మ వెళితే, మీ ఆయన్ని తీసుకురామ్మా అని పంపించేశారు. ఆయనేమో సముద్రానికి అవతల ఉన్నాడు. అమ్మ వడ్డీకి తెచ్చి, సాయంత్రాలు రైల్వే క్వార్టర్ల దగ్గర బర్మా నూడుల్స్ అమ్మింది. కాగితం పని చేసిపెడతానంటూ ఒక దళారి చీకటి పడ్డాక మగదిక్కు లేని ఇళ్ల చుట్టూ తిరిగేవాడు. పక్కింటి మామ్మ మా గుమ్మానికి అడ్డంగా మంచం వేసుకుని పడుకునేది. ఆడవాళ్ల చేతిలో కాగితం లేకపోతే ఎలాంటివాడు గుమ్మం దాకా వస్తాడో అప్పుడే చూశాను.

ప్రభుత్వం మమ్మల్ని పూర్తిగా గాలికి వదిలేయలేదు. 1963 జూన్ 1 నుంచి బర్మా విడిచి వచ్చినవాళ్లకు కేంద్ర ఉద్యోగాల్లో వయోపరిమితి సడలించారు. మాలాంటివాళ్ల కోసమే 1969లో రెప్కో బ్యాంకు పెట్టారు. బడి మమ్మల్ని చేర్చుకుంది కాబట్టే నేను టీచర్నయ్యాను. కానీ మా మూలాలు ఇక్కడివి. ఈ రోజు వేరే దేశం నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చే తల్లికి ఆ ఆసరా కూడా లేదు. 1951 నాటి శరణార్థుల ఒప్పందంపై మన దేశం సంతకం చేయలేదు. శరణార్థుల కోసం ప్రత్యేక చట్టమూ లేదు. అలాగని చేతులు కట్టుకుని కూర్చోవలసిన పని లేదు. జీవించే హక్కు పౌరులకే కాదు, ఈ గడ్డ మీద ఉన్న ప్రతి మనిషికీ ఉందని 1996లో, ఇప్పటి బంగ్లాదేశ్ ప్రాంతం నుంచి శరణార్థులుగా వచ్చిన చక్మా తెగవాళ్ల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఐక్యరాజ్య సమితి శరణార్థుల సంస్థ 2001లోనే మహిళలకు ఐదు హామీలు ఇచ్చింది. అందులో ఒకటి, ప్రతి స్త్రీనీ భర్త కార్డులో ఒక వరుసగా కాకుండా విడిగా నమోదు చేసి ఆమె కాగితం ఆమె చేతికివ్వడం. భర్త చనిపోయినా, వదిలేసి పోయినా, కొడుతున్నాడని ఆమే బయటికొచ్చినా ఆమె రేషన్ ఆగకూడదు కదా. తిండి పంపిణీలో, క్యాంపు కమిటీల్లో ఆడవాళ్లు ఉండాలన్నది కూడా ఆ హామీల్లోదే. 2024 చివరికి ప్రపంచంలో ఇల్లూ ఊరూ వదిలి పారిపోయినవాళ్లు 12 కోట్లు దాటారు. పది మందిలో నలుగురు పిల్లలే.

మన ఊళ్లో చూసింది కూడా చెప్పాలి. ఛత్తీస్‌గఢ్‌లో గొడవలకు ఊరు విడిచి, మధురవాడలో భవన నిర్మాణ పనికి వచ్చిన ఒక తల్లి, కూతుర్ని బడిలో వేద్దామని తీసుకెళ్లింది. ఆధార్ లేదు, టీసీ లేదు, పుట్టిన తేదీ కాగితం లేదు అని తిప్పి పంపారు. దేశం దాటలేదు కాబట్టి చట్టం లెక్కలో ఆమె శరణార్థి కాదు. తొమ్మిదేళ్ల ఆ పిల్లకు దానివల్ల ఒరిగిందేముంది? ఇసుక గుట్ట దగ్గర తమ్ముణ్ని ఎత్తుకుని ఆడిస్తూ ఉండిపోయింది. వయసు ధ్రువపత్రం లేదని ఏ పిల్లనూ బడికి రానివ్వకుండా ఉండకూడదని 2009 విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది. టీసీ ఆలస్యమైందని చేర్చుకోకపోవడం కూడా ఆ చట్టం ప్రకారం తప్పే. చదువు చెప్పే చోటే ఈ సంగతి తెలియకపోతే నాకు కడుపు మండుతుంది.

జిల్లా కలెక్టర్ గారికీ, విద్యాశాఖ అధికారులకూ మీ పత్రిక ద్వారా నా విన్నపం. ఆ సెక్షన్‌ను తెలుగులో ప్రింటు తీయించి ప్రతి బడి ఆఫీసు గదిలో అంటించండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098, మహిళల హెల్ప్‌లైన్ 181 నంబర్లను పని జరిగే చోట ఒడియా, హిందీల్లో కూడా రాయించండి. మధురవాడ, గాజువాక, అగనంపూడిల్లో నిర్మాణ పనులు జరిగేచోట ఈ నెలలోనే నమోదు శిబిరాలు పెట్టి, తల్లుల పేర్లు విడిగా రాయించండి. ఫారాలు నింపడానికి మా కంచరపాలెంలో రిటైరైన టీచర్లం సిద్ధంగా ఉన్నాం. తేదీ చెబితే చాలు, వస్తాం.

ఇట్లు
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
బర్మా క్యాంపు, కంచరపాలెం, విశాఖపట్నం