జపాన్ వెళ్ళేవాళ్ళు క్యోటోను చలికాలంలోనే చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో జపాన్ యాత్ర గురించి వేసిన వ్యాసం చదివాను. చెర్రీ పూలు పూసే ఏప్రిల్‌లోనే వెళ్ళాలనీ, చలికాలంలో వెళ్తే డబ్బు దండగనీ రాశారు. నేను మొన్న జనవరిలోనే వెళ్ళి వచ్చాను కాబట్టి ఆ మాట ఒప్పుకోలేకపోతున్నాను, అందుకే ఈ ఉత్తరం.

మాది బరంపురం, నేతవాళ్ళ ఇల్లు. మహురి రాజులు పిలిపిస్తే మా పెద్దలు తెలుగు నేల నుంచి ఇక్కడికి వచ్చారని ఇంట్లో చెప్పేవారు. బయట ఒడియా, ఇంట్లో తెలుగు, మా నాన్న రోజంతా గుంట మగ్గంలో. మా అమ్మాయీ అల్లుడూ ఒసాకాలో ఉంటున్నారు, అక్కడి నుంచి క్యోటోకు రైల్లో అరగంట. చలి అని అమ్మాయి టెన్షన్ పడింది గానీ నేనే పట్టుబట్టి నాలుగు రోజులు ఉన్నాను.

చలి ఉంటుంది, లేదనను. మూడు పక్కలా కొండలు, మధ్యలో పళ్ళెంలా ఊరు, ఆ చలి గాలిలో కంటే నేలలోంచి ఎక్కువ వస్తుంది, దానికి వాళ్ళు సొకోబియే అని పేరు కూడా పెట్టుకున్నారు. ఆలయాల్లో చెప్పులు విప్పి చెక్క నేల మీద నడవాలి కాబట్టి స్వెట్టర్ కంటే ముందు మందపాటి మేజోళ్ళు రెండు జతలు పెట్టుకోండి. లోపల అతికించుకునే వేడి ప్యాకెట్లు దుకాణాల్లో చవకగా దొరుకుతాయి. సాయంత్రం అయిదుకే చీకటి పడుతుంది, చాలా ఆలయాలు నాలుగు, అయిదు మధ్య మూసేస్తారు, అందుకని పొద్దున్నే బయల్దేరాలి. శాకాహారులు మాత్రం అడిగి తినండి, కూరగాయల పులుసులో కూడా చేప రసం కలుస్తుంది. నేను నాన్‌జెంజి ఆలయం దగ్గర సముద్రపు నాచు వేసిన వేడినీళ్ళలో ఉడికించే టోఫు తిన్నాను. ఆ చలిలో అది ఎంత హాయిగా ఉందో!

మూడో రోజు తెల్లవారుజామున మంచు పడింది. క్యోటోలో మంచు ఎక్కువ రోజులు పడదు, పడినా చాలాసార్లు మధ్యాహ్నానికల్లా కరిగిపోతుందని అమ్మాయి తొందరపెడితే తలుపులు తీసే తొమ్మిదింటికే కింకాకుజి చేరుకున్నాం. బంగారు రేకు అద్దిన ఆ మందిరం, కప్పు మీద తెల్లగా మంచు, కింద కొలనులో దాని నీడ. కాసేపు మాట రాలేదు నాకు. 1950లో అది కాలిపోతే 1955కల్లా మళ్ళీ కట్టుకున్నారట. ఇంకో సంగతి మీ వ్యాసంలో అసలే లేదు. చలికాలంలో యాత్రికులు తగ్గుతారని, మామూలు రోజుల్లో జనానికి చూపించని కొన్ని ఆలయాలనూ తోటలనూ జనవరి నుంచి మార్చి మధ్య వరకు తెరుస్తారు. ఏప్రిల్‌లో వెళ్ళినవాళ్ళకు ఆ అదృష్టం ఉండదు.

నా మనసు మాత్రం నిషిజిన్ దగ్గరే ఆగిపోయింది. అది నేతవాళ్ళ పేట. 1467 నుంచి పదేళ్ళు ఊళ్ళో యుద్ధం జరిగితే చెదిరిపోయిన నేతగాళ్ళు తిరిగొచ్చి, పడమటి సేన విడిది చేసిన చోట మగ్గాలు వేసుకున్నారట, ఆ పేరుకు అర్థం కూడా పడమటి విడిది అనే. అక్కడి పాత ఇళ్ళు వీధి వైపు ఇరుకుగా, లోపలికి పొడుగ్గా ఉంటాయి, మలుగు చేప పడక అంటారట వాటిని. మా వీధిలో ఇళ్ళూ అంతే, నడవలోంచి చూస్తే పెరడు కనిపిస్తుంది. ఒక చోట ఒక పెద్దాయన నేస్తూ కూర్చున్నాడు. గోళ్ళకు రంపపు పళ్ళలా గాట్లు పెట్టుకుని, ఆ గోళ్ళతోనే పేకను, అంటే అడ్డపోగుల్ని, దువ్వి కిందికి దించుతున్నాడు, పడుగు, అంటే నిలువు పోగులు, అసలు కనబడకుండా. జరీ కూడా వాళ్ళది వేరు, పల్చని కాగితానికి బంగారు రేకు అతికించి సన్నని పోగుల్లా కోస్తారు. ఆయన వేళ్ళు చూస్తుంటే మా నాన్న వేళ్ళు గుర్తొచ్చి ఏడుపొచ్చింది. భాష రాకపోయినా ఫోన్‌లో మా పట్టుచీర ఫొటో చూపించాను, అంచులో గుడి గోపురాల్లాంటి కుంభాన్ని వేలితో చూపించి ఆయన చాలాసేపు తల ఊపాడు.

అక్కడే ఇంకో మాట తెలిసింది. 794 నుంచి వెయ్యేళ్ళకు పైగా రాజధానిగా ఉన్న ఊరు, 1869లో చక్రవర్తి టోక్యోకు మారిపోగానే నిషిజిన్ పట్టు కొనేవాళ్ళు తగ్గిపోయారు. అప్పుడు ఊరి అధికారులు ఏం చేశారంటే, 1872లో ముగ్గుర్ని ఫ్రాన్స్‌లోని లియాన్‌కు పంపించి చిల్లులు పెట్టిన అట్టలతో డిజైన్లు నేసే జాకార్డు పని నేర్పించి, ఆ మగ్గాలు తెప్పించారు. ఇప్పుడు కిమోనో కట్టేవాళ్ళు తగ్గి అక్కడా మగ్గాలు తగ్గాయి, అది నిజమే. అయినా ఆ పేటకు వెళ్ళినవాళ్ళు నేత చూడగలరు, నేసేవాళ్ళతో మాట్లాడగలరు. బరంపురం పట్టుకు భౌగోళిక గుర్తింపు ఉంది, కానీ మా ఊరికి వచ్చినవాళ్ళకు మగ్గం ఎక్కడ ఆడుతోందో చెప్పే బోర్డు ఒక్కటి కూడా నాకు కనబడలేదు.

అందుకే మీకు నా మనవి. ఈసారి జపాన్ గురించి రాస్తే జనవరి క్యోటో గురించి, నిషిజిన్ గురించి రాయండి. అలాగే ఒక ఆదివారం మా నేతవాళ్ళ వీధులకు కూడా ఒక పేజీ ఇవ్వండి. మీ విలేకరిని పంపిస్తే ఇంకా మగ్గం ఆడుతున్న ఇళ్ళకు నేనే దగ్గరుండి తీసుకెళ్తాను. పొద్దున పూట రమ్మనండి, వెలుగు బాగుంటుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా