సర్వర్‌కు రెండు తీగలు, రెండూ ఒకే ప్లగ్గులో!

సంపాదకుల వారికి నమస్కారం.

విశాఖలో రాబోయే గూగుల్ డేటా సెంటర్ గురించి పత్రికల్లో చాలా వార్తలు వస్తున్నాయి. అక్కడ కరెంటు ఏర్పాట్లు చూసుకోవడానికి పెద్ద ఇంజినీర్లే ఉంటారు. నేను రాస్తున్నది మన ఊళ్లలోని చిన్న సర్వర్ గదుల గురించి. ఆసుపత్రి, కాలేజీ, సహకార బ్యాంకు, ఏదో ఒక ఆఫీసు, అన్నింట్లోనూ ఇప్పుడు ఏసీ గదిలో ఒక నల్ల ర్యాకు, అంటే సంస్థ పనులన్నీ నడిపే కంప్యూటర్లను (సర్వర్లను) పెట్టే బీరువా లాంటిది, ఉంటోంది. రాజమహేంద్రవరంలో ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్‌గా అలాంటి గదుల కరెంటు పనులు చేసేవాణ్ని కాబట్టి ఈ విషయం మీ పాఠకుల ముందు పెట్టాలనిపించింది.

మంచి సర్వర్‌కు వెనకవైపు రెండు పవర్ సప్లైలు, ఒక్కోదానికి ఒక కరెంటు తీగ ఉంటాయి. ఒకటి పోతే రెండోది మోయాలని కంపెనీ వాళ్లు ఇచ్చిన ఏర్పాటది. దానికి డబ్బు కూడా కడతాం. తీరా ర్యాకు తలుపు తీసి చూస్తే రెండు తీగలూ ఒకే పీడీయూ స్ట్రిప్‌లో (వరసగా సాకెట్లున్న పట్టీలో) గుచ్చి ఉంటాయి. ఆ స్ట్రిప్ ఒక్క 16 ఆంప్స్ సాకెట్‌కు, ఆ సాకెట్ ఒక్క యూపీఎస్‌కు (కరెంటు పోతే బ్యాటరీతో నడిపే పెట్టెకు). ఈ మధ్య ఒక ఆసుపత్రిలో (పేరు రాయడం నా ఉద్దేశం కాదు) యూపీఎస్ మొరాయిస్తే సర్వర్లన్నీ ఒకేసారి పడిపోయాయి. ఓపీ చీటీలు ఆగిపోయి, పసిపిల్లలతో వచ్చిన తల్లులు వరండాలో నిలబడ్డారు. ప్రతి సర్వర్‌కూ రెండో పవర్ సప్లై ఉంది, అయినా ఒక్కటీ ఆదుకోలేదు.

ఇది చిన్న ఊళ్ల అవస్థే అనుకోనక్కర్లేదు. 2016 ఆగస్టు 8న అమెరికాలోని అట్లాంటాలో డెల్టా ఎయిర్‌లైన్స్ కంప్యూటర్ కేంద్రంలో కరెంటు పోయింది. అక్కడ బ్యాకప్ కరెంటు ఉంది. కానీ దాదాపు 7,000 పరికరాల్లో 300 దాకా ఆ బ్యాకప్‌కు సరిగా కలిపి లేవని ఆ సంస్థే తర్వాత చెప్పింది. మూడు రోజుల్లో 2,000కు పైగా విమానాలు రద్దయ్యాయి.

రెండు స్ట్రిప్‌లు, రెండు లైన్లు వేసిన చోట కూడా లెక్క తప్పుతోంది. 16 ఆంప్స్ లైను మీద ఎప్పుడూ నడిచే లోడు 80 శాతం లోపు, అంటే 12.8 ఆంప్స్ దాటకూడదు. ఒక్కో స్ట్రిప్ మీద మీటరు 12 చూపిస్తుంటే అందరూ బాగానే ఉందనుకుంటారు. ఒక లైను పోయిన క్షణాన రెండోదాని మీద 24 ఆంప్స్ పడుతుంది. కాసేపటికి ఎంసీబీ (లోడు ఎక్కువైతే లైను తెంపే స్విచ్) ట్రిప్ అవుతుంది, ఉన్న రెండోదీ పోతుంది. రోజువారీ లోడు ఒక్కో లైను మీద 12.8లో సగం, అంటే 6.4 ఆంప్స్ దాటకుండా ఉంటేనే రెండు లైన్లు ఉన్నట్టు. సర్వర్ కొత్తగా చేర్చిన ప్రతిసారీ ఈ లెక్క మళ్లీ వేయాలి. ఖాళీ సాకెట్ కనిపించింది కదా అని గుచ్చేయడమే ఇప్పుడు జరుగుతున్నది.

ఇంకో సంగతి. సర్వర్లకు రెండు తీగలున్నా, వాటన్నింటినీ కలిపే నెట్‌వర్క్ స్విచ్‌కు చాలాచోట్ల ఒకటే ఉంటుంది. ఆ ఒక్క లైను పోతే సర్వర్లు వెలుగుతూనే ఉంటాయి, వాటి దగ్గరికి మాత్రం ఎవరూ చేరలేరు. రెండు లైన్ల నుంచీ తీసుకుని, ఒకటి పోగానే రెండోదానికి మార్చే ఆటోమేటిక్ ట్రాన్స్‌ఫర్ స్విచ్ అక్కడ పెట్టాలి. ర్యాకులో ఒక యూనిట్ ఎత్తులో, అంటే నాలుగున్నర సెంటీమీటర్ల లోపు, పట్టే పెట్టె అది. రెండో యూపీఎస్ కొనే స్తోమత లేని సంస్థలు ఒక తీగ యూపీఎస్‌కూ, రెండోది సర్జ్ (ఒక్కసారిగా పెరిగే వోల్టేజీ) రక్షణ ఉన్న నేరు లైనుకూ ఇచ్చినా యూపీఎస్ చెడినప్పుడు పని ఆగదు. యూపీఎస్ బ్యాటరీలను మాత్రం ఏసీ లేని మూలకు నెట్టకండి. 25 డిగ్రీల పైన ప్రతి 10 డిగ్రీలకు లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగమవుతుంది, మన గోదావరి జిల్లాల ఎండాకాలం సంగతి వేరే చెప్పాలా!

టెండర్లు పిలిచే శాఖలకు, సంస్థలకు నా విన్నపం ఇది. సర్వర్ మెమరీ ఎంత, డిస్కులెన్ని అని పేజీలకు పేజీలు రాస్తున్నారు. కరెంటు విషయానికి వస్తే 'పీడీయూతో సహా' అన్న ఒక్క మాటతో సరిపెడుతున్నారు. రెండు వేర్వేరు ఎంసీబీల నుంచి రెండు లైన్లు కావాలని, ఒక లైనుకు ఎర్ర తీగలు, రెండోదానికి నీలం తీగలు వాడాలని, ప్రతి తీగకూ రెండు చివరలా చీటీ ఉండాలని, ఊడిపోకుండా లాక్ ఉన్న ప్లగ్గులే పెట్టాలని అందులోనే రాయండి. బిల్లు పాస్ చేసే ముందు అధికారి ఎదుటే ఒక లైను ఆపించండి. ఆపి వెంటనే వేసేస్తే ఏమీ తెలియదు, ఎంసీబీ వేడెక్కడానికి సమయం పడుతుంది. అందుకే కనీసం గంట ఆగాలి. తర్వాత రెండో లైను ఆపి మరో గంట. సర్వర్‌లో ఇంకా ఎవరి రికార్డులూ ఎక్కకముందే ఈ పరీక్ష అయిపోవాలి. ఇప్పటికే నడుస్తున్న చోట్ల రికార్డుల నకలు తీసుకుని, ఓ ఆదివారం రాత్రి చేయించండి.

ఇట్లు,
ఒక ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్,
రాజమహేంద్రవరం