సాలెగూడు పాఠం చెప్పిన రోజు: ఉన్నత విద్యామండలి చైర్మన్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ ఉన్నత విద్యామండలి చైర్మన్ గారికి,

నమస్కారమండీ. నేను ఒక జిల్లా పీజీ సెంటర్లో ఎం.ఏ. అర్థశాస్త్రం చెబుతున్న పార్ట్‌టైమ్ అధ్యాపకురాలిని. పీహెచ్‌డీ వైవా అయ్యి నాలుగేళ్లు దాటింది. పర్మినెంట్ చేయండని అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ పని మా సంఘాలు చేస్తున్నాయి, చేయాలి కూడా. నా మనవి వేరే. అర్థశాస్త్రంలో కొత్తగా పీహెచ్‌డీ అయినవాళ్లకు పాఠం, పరిశోధన రెండూ కలిపిన ఒక ఫెలోషిప్ పెట్టండని. అదెందుకో చెప్పే ముందు మా క్లాసులో జరిగిన ఒక సంగతి వినండి.

మొదటి సెమిస్టర్, సూక్ష్మ అర్థశాస్త్రం. ఆ రోజు పాఠం సాలెగూడు సిద్ధాంతం. ఈ ఏడు ధర బాగుంటే రైతులంతా అదే పంట వేస్తారు. వచ్చే ఏడు సరుకు ముంచెత్తి ధర పడిపోతుంది. ఆ దెబ్బకు మరుసటి ఏడు సగం మంది మానేస్తారు, ధర మళ్లీ లేస్తుంది. డిమాండు రేఖకీ సప్లయ్ రేఖకీ మధ్య గీతలు తిప్పుకుంటూ పోతే బోర్డు మీద అచ్చం సాలెగూడే కనిపిస్తుంది. 1934లో నికొలస్ కాల్డార్ అనే అర్థశాస్త్రవేత్త ఈ పేరు పెట్టాడు. పుస్తకాల్లో ఇచ్చే ఉదాహరణ పందుల పెంపకం. మా పిల్లల్లో చాలామంది ఖమ్మం చుట్టుపక్కల వాళ్లు కాబట్టి నేను ఆ పందుల్ని పక్కకు తోలి మిర్చిని పెట్టుకుంటాను.

గీతలు అయిపోయి చేతికంటిన సుద్ద దులుపుకుంటుంటే మూడో బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది.

"మేడం, ధర పడుతుందని రైతుకు తెలియదు అన్నట్టుంది కదా ఇందులో. మా నాన్నకు తెలుసు."

"తెలిస్తే మళ్లీ మిర్చే ఎందుకు వేశారమ్మా?"

"పత్తి పెడతానంటే కమీషన్ కొట్టాయన పెట్టుబడి ఇవ్వనన్నాడు మేడం. మిర్చయితే పంట ఆయన కొట్టుకే వస్తది కదా." కూర్చోబోయి మళ్లీ నిలబడింది. "జెండా పాట ధర పేపర్లో వేస్తారు. మాకు రాసే ధర అది కాదు."

మార్కెట్ యార్డు చూడనివారి కోసం ఒక ముక్క. రైతుకు పెట్టుబడి అప్పుగా ఇచ్చి, పంటను తన కొట్టు ద్వారానే అమ్మించే దళారీ కమీషన్ కొట్టాయన. పొద్దున్నే ఒక మేలైన లాటు దగ్గర వ్యాపారులు పాట పాడి ఆ రోజు ధర తేలుస్తారు. అదే జెండా పాట. మర్నాడు పత్రికలో వచ్చే ధర అది. మిగతా బస్తాలకు తాలు అని, తేమ అని, రంగు తగ్గిందని కోత పడుతుంది. అప్పు లేని రైతు ఆ రేటు నచ్చకపోతే సరుకు కోల్డ్ స్టోరేజీకి తోలుకుపోతాడు. అప్పున్న రైతుకు ఆ దారి ఉండదు.

నేను అరగంట కష్టపడి గీసిన బొమ్మ ఏ ఊహ మీద నిలబడిందో ఆ ఊహనే ఆ అమ్మాయి లాగేసింది. పోయినేటి ధర చూసి మోసపోయేవాడు పుస్తకంలో రైతు. వాళ్ల నాన్న మోసపోలేదు, అప్పు ఆయన చేత ఆ పంట వేయించింది. పొలం, అప్పు, సరుకు అమ్మకం మూడూ ఒకే ముడిలో ఉంటే ఏమవుతుందో 1970ల నుంచే అమిత్ భాదురి, ప్రణబ్ బర్ధన్ వంటి అర్థశాస్త్రవేత్తలు రాస్తూ వచ్చారు. ఆ మాట క్లాసులో చెప్పాను. కానీ ఆ అమ్మాయి మాటల్లో ఉన్న ప్రశ్న అది కాదు. ఒకే రకం తేజ మిర్చికి, ఒకే రోజు, కమీషన్ కొట్టులో అప్పున్న కౌలు రైతుకూ బ్యాంకు లోను ఉన్న సొంత పొలం రైతుకూ క్వింటాలుకు ఎంత తేడా వస్తోంది? ఆ లెక్క నా దగ్గర లేదు. జాతీయ నమూనా సర్వే 77వ రౌండు 2019లో జరిగింది. దాని ప్రకారం తెలంగాణ వ్యవసాయ కుటుంబాల్లో 91.7 శాతం అప్పుల్లో ఉన్నాయి, దేశం మొత్తం మీద ఆ లెక్క 50.2 శాతం. ఎంత అప్పు, ఎవరి దగ్గర తెచ్చారు అన్నది కూడా ఆ సర్వే అడిగింది. ఆ అప్పు ఏ పంట వేయించిందో దాన్నుంచి తేలదు. అది తేలాలంటే యార్డులో నిలబడాలి, ఊళ్లో కూర్చోవాలి.

నిలబడి చూద్దామనే అనుకున్నాను. ఆదివారాలు స్కూటీ మీద వెళ్లి 11 మంది రైతులతో మాట్లాడాను. వాళ్ల తక్‌పట్టీలు (సరుకు అమ్మినప్పుడు ఇచ్చే తూకం, రేటు చీటీలు) చూసి రేట్లు నోటుబుక్కులో ఎక్కించుకున్నాను. పన్నెండో ఆయన దగ్గరికి వెళ్లలేదు. మిర్చి మార్కెట్టుకు ముమ్మరంగా వచ్చేది ఫిబ్రవరి, మార్చి నెలల్లో. మాకు సిలబస్ తరుముకొచ్చేదీ అప్పుడే. వారానికి 18 పీరియడ్లు చెబుతూ, ఇంటర్నల్స్ పెడుతూ, పేపర్లు దిద్దుతూ 11 దగ్గరే ఆగిపోయాను. ఎండాకాలం సెలవుల్లో ఖాళీయే, కానీ ఆ రెండు నెలలూ మాకు జీతముండదు. ఒక ప్రైవేటు కోచింగ్ సెంటర్లో గ్రూప్స్ పిల్లలకు ఎకానమీ చెప్పి ఇల్లు నడుపుకుంటాను. నా నెల డబ్బు పీరియడ్ల లెక్కన వస్తుంది, ఆ బిల్లు కూడా ఒక్కోసారి మూడు నెలలకు కదులుతుంది. గెస్ట్ ఫ్యాకల్టీకి పీరియడుకు 1,500 రూపాయలు, నెలకు 50,000 మించకుండా ఇవ్వవచ్చని యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2019లో చెప్పింది. ఆ గరిష్ఠ పరిమితిని నేను కాగితం మీద మాత్రమే చూశాను.

ఇది నా ఒక్కదాని గొడవైతే ఇంత దూరం రాసేదాన్ని కాదు. మన ఏర్పాటే అలా ఉంది. పీహెచ్‌డీ చేస్తున్నప్పుడు జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చినవాళ్లకు 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000 వస్తోంది. మంచిదే. కానీ వాళ్లను క్లాసులోకి పద్ధతిగా పంపేవారు లేరు. పరిశోధక విద్యార్థికి బోధనలో శిక్షణ ఉండాలని, వారానికి 4 నుంచి 6 గంటలు ట్యుటోరియల్, మూల్యాంకనం వంటి పనులు అప్పగించవచ్చని యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల్లో రాసి ఉంది. ఆచరణలో నేను చూసినంత వరకు ఎవరో సార్ సెలవు పెట్టిన రోజు "నువ్వెళ్లి కాసేపు కూర్చోబెట్టమ్మా" అనడమే శిక్షణ. థీసిస్ ఇచ్చిన మర్నాటి నుంచి కథ తిరగబడుతుంది. పాఠమే పాఠం, పరిశోధన ఊసుండదు. రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటల బోధన అని యూజీసీ లెక్క. నేను 18 చెబుతున్నాను, అదీ ఒక గది, ఒక కుర్చీ, లైబ్రరీలో ఒక లాగిన్ కూడా లేకుండా. 30 నుంచి 35 ఏళ్ల మధ్య, ఒక పరిశోధకురాలికి బుర్ర పాదరసంలా పనిచేసే ఐదేళ్లు అలా పోతాయి. మన రాష్ట్రంలో యూనివర్సిటీ అధ్యాపకుల పదవీ విరమణ వయసును 60 నుంచి 65కు పెంచారు. పెద్దల అనుభవం ఇంకో ఐదేళ్లు దొరకడం సంతోషమే. కింద కొత్త మొలక లేదని ఒప్పుకోవడం కూడా అందులో ఉంది కదండీ.

పాఠం, పరిశోధన రెండూ కలిపిన ఫెలోషిప్ మనకు తెలియనిదేమీ కాదు. కేంద్రం 2018లో ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్ పెట్టింది. మొదటి రెండేళ్లు నెలకు 70,000, చివరికి 80,000, ఏటా 2 లక్షల పరిశోధన గ్రాంటు. అది తీసుకున్నవాళ్లు వారంలో కొంత సమయం ఐటీఐ, పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ కాలేజీల్లో పాఠం చెప్పాలి. ఆలోచన చక్కగా ఉంది. అది శాస్త్ర సాంకేతిక రంగాలకు. నాకు తెలిసినంతలో అర్థశాస్త్రానికి అలాంటిది పెట్టాలని ఎవరికీ తట్టలేదు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ఎల్ఎస్ఈ ఫెలో అని ఒక హోదా ఉంది. పీహెచ్‌డీ అయినవాళ్లనో కావస్తున్నవాళ్లనో కొన్నేళ్ల గడువుతో తీసుకుంటారు, పాఠం చెబుతూనే సొంత పరిశోధన నడుపుకుంటారు. అక్కడి డబ్బు మన దగ్గర లేదు, సరే. మిర్చి యార్డు వాళ్ల దగ్గర లేదు.

నేను అడిగేది ఇది. అర్థశాస్త్రంలో పీహెచ్‌డీ పూర్తయి ఐదేళ్లు దాటనివారికి రాష్ట్రం తరఫున మూడేళ్ల ఫెలోషిప్ పెట్టండి. మొదట 20 మంది చాలు. వారానికి 6 గంటల పాఠం, అంతకు మించి ఒక్క పీరియడు కూడా ఎక్కించకూడదని ఆర్డర్లోనే రాయాలి. రాయకపోతే ఏమవుతుందో మీకు తెలుసు, మీరూ డిపార్ట్‌మెంట్లు నడిచే తీరు చూసినవారే. డిసెంబరు వచ్చేసరికి "కొంచెం సర్దుకోమ్మా" అంటారు, 6 కాస్తా 16 అవుతుంది. నెలకు అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనం 57,700 ఇవ్వండి, 12 నెలలూ ఇవ్వండి. ఊళ్లు తిరగడానికి, సర్వే చేసే పిల్లలకు కూలీ ఇవ్వడానికి మనిషికి ఏడాదికి లక్ష. అంతా కలిపి ఏడాదికి కోటి 58 లక్షల 48 వేలు. క్యాలిక్యులేటర్ మీద రెండుసార్లు చూసుకున్నాను.

సాఫ్ట్‌వేర్ ఖర్చు అక్కర్లేదు. జాతీయ సర్వేల యూనిట్ లెవెల్ డేటా, అంటే ఒక్కో కుటుంబం చెప్పిన జవాబుల లెక్క, ఉచితంగానే దొరుకుతుంది, ఆ లెక్కలు తీసే ఆర్ అనే ప్రోగ్రాం కూడా ఉచితమే. దాన్ని వాడటం నేర్పే మనిషి కావాలి. ఆ మనిషే ఈ ఫెలో. ఎం.ఏ. పిల్లలను కూర్చోబెట్టి 77వ రౌండు ఫైలు తెరిపించి, వాళ్ల జిల్లాల సంగతి వాళ్లతోనే వెతికిస్తే సగం స్టాటిస్టిక్స్ పేపరు అక్కడే వచ్చేస్తుంది. హైదరాబాద్ బేగంపేటలో సెంటర్ ఫర్ ఎకనమిక్ అండ్ సోషల్ స్టడీస్ అనే పరిశోధన సంస్థ 1980 నుంచి ఉంది. ప్రతి ఫెలోకూ అక్కడ ఒక మార్గదర్శిని జతచేస్తే జిల్లాలో ఉన్నవాళ్లకు ఒంటరితనం తగ్గుతుంది. ఫెలోల్లో ఎక్కువమందిని మాత్రం జిల్లా పీజీ సెంటర్లలోనే వేయండి. హైదరాబాదులో వేస్తే సెమినార్లు ఎక్కువవుతాయి, ఊళ్లు దూరమవుతాయి. (ఇది నా పక్షపాతమే అనుకోండి, పర్వాలేదు.)

ఎంపికలో ఇంటర్వ్యూకు బదులు అభ్యర్థి చేత అసలు పిల్లలకే 20 నిమిషాల పాఠం చెప్పించండి, పక్కన వాళ్లు రాసిన ఒక అధ్యాయం చదవండి. పాఠం తెలుగులో చెప్పగలరా అన్నది తప్పకుండా చూడాలి. మా పిల్లలు చాలామంది తెలుగులోనే పరీక్ష రాస్తారు, గైడ్లు చదివి రాస్తారు. తెలుగు అకాడమి 1968 నుంచి పుస్తకాలు వేసింది, ఆ మేలు మరిచిపోలేం. కానీ మన యార్డు, మన బీడీ కార్ఖానా, మన గల్ఫ్ వలస ఉదాహరణలుగా ఉన్న పాఠాలు కావాలి. ప్రతి ఫెలో మూడేళ్లలో ఒక్కటైనా అలాంటి తెలుగు పాఠం రాసి అందరికీ ఇవ్వాలని షరతు పెట్టండి.

మహిళల విషయంలో ఒక మాట. పీహెచ్‌డీ చేస్తున్న మహిళలకు యూజీసీ 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఇవ్వవచ్చంది. ఈ ఫెలోషిప్‌లోనూ అది ఉండాలి, తీసుకున్న రోజులను గడువుకు కలపాలి. నాతో పాటు వైవా పాసైన ఇద్దరు స్నేహితురాళ్లు ఈ రోజు ఎక్కడా పాఠం చెప్పడం లేదు. కారణం అడగనక్కర్లేదు.

నా తోటి పార్ట్‌టైమ్ మిత్రులు ఈ ఉత్తరం చదివి కోప్పడతారని తెలుసు. "పోస్టులు నింపమని మేం గొంతు చించుకుంటుంటే నువ్వు మూడేళ్ల ఉద్యోగం అడుగుతావా" అంటారు. వాళ్ల భయం నిజమే. ఈ ఫెలోషిప్ చూపించి ఖాళీలు నింపకుండా తప్పుకునే వీలుంది. అందుకే ఫెలో పోస్టును ఖాళీ పోస్టుకు ఎదురుగా లెక్క కట్టకూడదు, ఫెలో చెప్పే 6 గంటలను డిపార్ట్‌మెంట్ పనిభారంలో చూపించకూడదు, ఈ మూడేళ్లు తర్వాతి నియామకాల్లో బోధనానుభవంగా చెల్లాలి. ఈ మూడూ లేకుండా పెట్టేట్టయితే అసలు పెట్టవద్దు. అంతకన్నా ఇప్పుడున్నదే నయం.

ఇక తేదీల సంగతి. మిర్చికి నారు పోసేది జూలై, ఆగస్టుల్లో. కమీషన్ కొట్టు దగ్గర పెట్టుబడి మాట తేలేదీ అప్పుడే, ఆ మాట వినాలంటే ఫెలో అప్పటికి ఊళ్లో ఉండాలి. ఏప్రిల్లో నోటిఫికేషన్ ఇస్తే జూన్ ఆఖరుకు ఎంపిక అయిపోతుంది. నేను దరఖాస్తు చేసినా చేయకపోయినా, ఎవరు ఎంపికైనా, ఆ 11 మంది రైతుల నోటుబుక్కు వాళ్లకు ఇచ్చేస్తాను. పన్నెండో ఆయన ఊరి పేరు వెనక అట్ట మీద రాసి పెట్టాను.

ఇట్లు,
ఒక పార్ట్‌టైమ్ అర్థశాస్త్ర అధ్యాపకురాలు