డాంగిల్ ఎవరిదో వాళ్ల దగ్గరే ఉండాలి

సంపాదకుల వారికి,

కంపెనీల రిటర్నులు, టెండర్ల పని చూసే ఆఫీసుల్లో సొరుగు లాగి చూడండి. చాలాచోట్ల పెన్‌డ్రైవ్‌ల్లాంటి డిజిటల్ సంతకం డాంగిళ్లు కుప్పగా కనిపిస్తాయి. ఒక్కోదానికి తెల్ల స్టిక్కర్, దాని మీద యజమాని పేరు, పక్కనే పిన్. ఆ పిన్ కూడా చాలావాటికి కొన్ననాటిదే, ఒకటి నుంచి ఎనిమిది దాకా వరుస అంకెలు. విజయవాడలో ఇదే వృత్తిలో ఉన్నాను. ఇది చూస్తుంటే భయమేస్తోంది.

డిజిటల్ సంతకం బలమంతా ఆ డాంగిల్‌లో దాగిన రహస్య సంకేతం, అంటే ప్రైవేట్ కీలో ఉంది. సంతకం చేశాక టెండరు రేటులో ఒక్క సున్నా మార్చినా లెక్క సరిపోలదు, వెంటనే దొరికిపోతుంది. దారిలో ఎవరు వేలు పెట్టినా పట్టేస్తుంది. కానీ డాంగిల్ గుచ్చి పిన్ కొట్టింది యజమానా, ఆఫీసు కుర్రాడా అన్నది ఏ సర్వరుకూ తెలియదు.

నేనెరిగిన ఒక రిటైర్డ్ మాస్టారు అల్లుడి కంపెనీలో పేరుకు డైరెక్టరు. అప్పు తాలూకు ఫారం మీద తన సంతకం పడిందని బ్యాంకు నోటీసు వచ్చాకే ఆయనకు తెలిసింది. "నేను కంప్యూటర్ ముట్టుకోనే లేదండీ" అంటారు. నిజమే. అయినా ప్రైవేట్ కీని అదుపులో ఉంచుకోవాల్సిన బాధ్యత డిజిటల్ సంతకం సర్టిఫికెట్ తీసుకున్నవారిదేనని 2000 నాటి ఐటీ (సమాచార సాంకేతిక) చట్టం 42వ సెక్షన్ చెబుతోంది. మోసంతో వాడినవారికి 66సి కింద మూడేళ్ల దాకా జైలు శిక్ష ఉంది కానీ, అది రుజువు చేసేసరికి ఆ పెద్దాయనకు తల ప్రాణం తోకకొస్తుంది.

చివరి తేదీ రాత్రి పోర్టల్ మొరాయిస్తుంటే, క్లయింటు ఊళ్లో లేకపోతే ఎంత టెన్షనో నాకు తెలుసు. "మీ దగ్గరే ఉంచండి సార్" అని వాళ్లే అంటారు. ఉంచుకోకూడదు. కాగితం చదివి, తన చేత్తో పిన్ కొట్టి, డాంగిల్ వెంట తీసుకెళ్లమనాలి.

సర్టిఫికెట్ ఇచ్చేముందు వీడియో తీసి మరీ మనిషిని సరిచూస్తున్నారు. అంత జాగ్రత్తగా ఇచ్చిన సంతకం తీరా కొరియర్‌లో కన్సల్టెంటు బల్ల మీదికి చేరుతోంది! కొత్త డాంగిల్ పిన్ మార్చనిదే పనిచేయకుండా ఈ సర్టిఫికెట్లు జారీ చేసే సంస్థలను పర్యవేక్షించే కంట్రోలర్ ఆఫ్ సర్టిఫైయింగ్ అథారిటీస్ నిబంధన పెట్టాలి. వాడే పద్ధతి తెలుగులో అచ్చువేసి డబ్బాలో పెట్టించాలి.

మీ డాంగిల్ ఎవరి సొరుగులో ఉందో ఈ వారమే కనుక్కోండి. కనబడకపోతే, ఎవరైనా వాడారని అనుమానం వస్తే, జారీ చేసిన సంస్థకు చెప్పి సర్టిఫికెట్ రద్దు చేయించండి.

— ఒక ట్యాక్స్ ప్రాక్టీషనర్, విజయవాడ